ఏసీ జాయింట్ విడిపోయిన భుజానికి ఏ స్లింగ్ కొనాలి, ఏ బెల్టు వద్దు

సైకిల్ మీంచో బైకు మీంచో పక్కకు పడి భుజం కొస నేలకు కొట్టుకుంటే తగిలే దెబ్బల్లో ఏసీ జాయింట్, అంటే భుజం పైనున్న చిన్న కీలు, విడిపోవడం ఒకటి. ఎక్స్‌రే చూసిన డాక్టరు స్లింగ్ వేసుకోమంటారు. తీరా కొనబోతే నాలుగైదు రకాలు కనిపిస్తాయి: చేయి పట్టే సంచిలాంటి పౌచ్ స్లింగ్, మెడనూ మణికట్టునూ కలిపే కాలర్ అండ్ కఫ్, నడుముకు పట్టీ ఉండే ఇమ్మొబిలైజర్, వీపు మీద 8 ఆకారంలో తిరిగే క్లావికల్ (కాలర్ బోన్) బ్రేస్, భుజానికి తొడుక్కునే రబ్బరులాంటి నియోప్రీన్ సపోర్టు. అన్ని డబ్బాల మీదా భుజం బొమ్మే ఉంటుంది. ఈ దెబ్బకు నిజంగా ఉపయోగపడేది మాత్రం ఒక్క రకమే.

ఎందుకో తెలియాలంటే అక్కడ తెగింది ఏమిటో ముందు చూడాలి. కాలర్ బోన్ బయటి కొస, రెక్క ఎముక పైభాగం నుంచి ముందుకు వచ్చే అక్రోమియన్ కలిసే చోట ఉండే చిన్న కీలే ఏసీ (అక్రోమియోక్లావిక్యులర్) జాయింట్. కీలు చుట్టూ అంటుకుని ఉండే ఏసీ లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టే గట్టి నార పట్టీలు) కాలర్ బోన్‌ను ముందుకూ వెనక్కూ జారనివ్వవు. కాస్త లోపలి వైపు కోనాయిడ్, ట్రపజాయిడ్ అని రెండు సీసీ (కోరకోక్లావిక్యులర్) లిగమెంట్లు ఉంటాయి. ఇవి కాలర్ బోన్ నుంచి కిందనున్న కోరకాయిడ్ అనే కొక్కెం ఆకారపు ఎముకకు దిగుతాయి. రెక్క ఎముకనూ దానికి వేలాడే చేతినీ కాలర్ బోన్‌కు కట్టి ఉంచేవి ప్రధానంగా ఇవే.

సీసీ లిగమెంట్లు తెగితే భుజం మీద బుడిపె కనిపిస్తుంది. ఎముక పైకి లేచిందని అందరూ అనుకుంటారు. నిజానికి కాలర్ బోన్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రెక్క ఎముకా చేయీ కలిసి కిందికి దిగిపోతాయి. మనిషి బరువులో ఒక చేయి సుమారు 5 శాతం, అంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. నిలబడినప్పుడల్లా ఆ బరువంతా తెగిన చోటును లాగుతూ ఉంటుంది. కాబట్టి స్లింగ్ చేయాల్సిన పని మోచేతిని కింది నుంచి ఎత్తి పట్టుకోవడం. ఇక్కడ ప్రతి వస్తువునూ ఆ కొలమానంతోనే తూచాం.

గూడ జారిందని మనం మామూలుగా అనేది ఇంకో దెబ్బ. అందులో జబ్బ ఎముక బంతి దాని గిన్నెలోంచి తప్పుకుంటుంది, భుజం గుండ్రదనం పోయి చదునుగా కనిపిస్తుంది, డాక్టరు వెంటనే దాన్ని తిరిగి కూర్చోబెట్టాలి. ఏసీ జాయింట్ విడిపోతే నొప్పి సరిగ్గా భుజం పైన, వేలితో చూపించగలిగినంత ఒకే చోట ఉంటుంది. రెండింటికీ కొనే వస్తువులు, కట్టే తీరు వేరు కాబట్టి ఎక్స్‌రే తీయించకుండా స్లింగ్ కొనవద్దు.

ఎక్స్‌రే తర్వాత ఏ టైపో డాక్టరును అడిగి తెలుసుకోండి. 1984లో రాక్‌వుడ్ చేసిన ఆరు టైపుల వర్గీకరణే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఒకటో టైపులో ఏసీ లిగమెంట్లు సాగుతాయి, తెగవు. రెండులో అవి తెగుతాయి, సీసీ లిగమెంట్లు సాగుతాయి. మూడులో రెండూ తెగుతాయి. నాలుగులో కాలర్ బోన్ కొస వెనక్కి వెళ్లి కండరంలో దిగబడుతుంది. ఐదు అంటే మూడు లాంటిదే కానీ ఎడం చాలా ఎక్కువ. ఆరులో ఎముక కిందికి వెళ్లి ఇరుక్కుంటుంది, అది చాలా అరుదు. ఒకటి, రెండు టైపులకు ఆపరేషన్ అక్కర్లేదు. మూడుకు కూడా చాలామందికి స్లింగూ వ్యాయామమే మొదటి వైద్యం. నాలుగు నుంచి ఆరు దాకా ఉన్నవాళ్లు సర్జన్‌తో మాట్లాడాలి. కింద చెప్పే గడువులన్నీ ఆపరేషన్ లేకుండా మానేవాళ్లకు. ఆపరేషన్ అయినవాళ్లకు సర్జన్ ఇచ్చే లెక్కే లెక్క.

పౌచ్ స్లింగ్: కొనాల్సింది ఇదే

చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా పౌచ్ స్లింగుల్లో మంచివీ చెడ్డవీ ఉన్నాయి. తేడా ముఖ్యంగా మూడు చోట్ల తెలుస్తుంది.

మొదటిది సంచి పొడవు. మోచేతిని 90 డిగ్రీలు వంచి, మోచేయి వెనక అంచు నుంచి చిటికెన వేలి మొదటి కణుపు దాకా టేపుతో కొలవండి. సంచి అంత పొడవు ఉండాలి. పొట్టిదైతే దాని అంచు మణికట్టు దగ్గర కోసుకుంటుంది, చేయి కిందికి వాలుతుంది, ఉంగరపు వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కుతాయి. పొడుగుదైతే ఇంకా నష్టం. మోచేయి సంచిలో ముందుకు జరిగి వెనక మూల ఖాళీ అవుతుంది, బరువు ఎత్తాల్సిన చోట ఏమీ మిగలదు. మీడియం, లార్జ్ అని డబ్బా మీద రాసింది నమ్మకండి. కంపెనీ కంపెనీకీ ఆ సైజు మారుతుంది.

రెండోది వెనక మూల. మోచేయి కూర్చునే చోట కుట్టు మూసి ఉండాలి, గుడ్డ సాగకూడదు. మోచేయి బయటికి కనిపించేలా అక్కడ తెరిచి ఉన్న స్లింగులు గాలి ఆడటానికి బాగుంటాయి కానీ ఈ దెబ్బకు పనికిరావు. గుడ్డను రెండు చేతులతో లాగి చూడండి, రబ్బరులా సాగితే పక్కన పెట్టండి. మెష్ గుడ్డ చెమటకు మంచిదే, సాగనిదైతేనే.

మూడోది పట్టీ. మోచేయి దగ్గర మొదలై, వీపు మీదుగా ఏటవాలుగా వెళ్లి, బాగున్న భుజం మీదుగా ముందుకు దిగి మణికట్టు దగ్గర కలవాలి. అదే వైపు భుజం మీదుగా పోయే పట్టీ నేరుగా దెబ్బతిన్న కీలు మీదే కూర్చుంటుంది. మెడ చుట్టూ మాత్రమే తిరిగే సన్నని పట్టీ రెండో రోజుకే మెడ నొప్పి తెప్పిస్తుంది. మెడ నొప్పి రాగానే మనిషి పట్టీ వదులు చేస్తాడు, దాంతో మోచేయి కిందికి దిగి స్లింగ్ వేసుకున్న ఫలితం పోతుంది. పట్టీ 4, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, జరుపుకోగలిగే మెత్త ఉంటే చాలు. బొటనవేలికి ఉచ్చు ఉంటే మణికట్టు వాలకుండా ఉంటుంది, లేకపోయినా పెద్ద లోటు కాదు.

ఎంత మంచి స్లింగయినా కట్టడంలో పొరపాటు జరిగితే లాభం లేదు. కుర్చీలో కూర్చుని ఒళ్లో దిండు పెట్టుకుని దెబ్బతిన్న ముంజేతిని దాని మీద ఆనించండి. చేతిని ఎత్తకుండా, సంచినే ముంజేయి కిందుగా జరపండి. మోచేయి వెనక మూలకు పూర్తిగా తగిలేదాకా సంచిని ముందు నుంచి వెనక్కి లాగండి. పట్టీని వీపు మీదుగా బాగున్న భుజం మీదికి తెచ్చుకోండి. ఇప్పుడు ముఖ్యమైన పని: బాగున్న అరచేతిని దెబ్బతిన్న మోచేయి కింద పెట్టి మెల్లగా పైకి ఎత్తండి. భుజం మీద లాగుడు తగ్గి హాయిగా అనిపించే చోటు ఒకటి తెలుస్తుంది. అక్కడ ఆగండి, వెల్క్రో బిగించమని పక్కవాళ్లకు చెప్పండి. ఒంటరిగా ఉంటే మోచేతిని టేబుల్ మీద ఆనించి బిగించుకోవచ్చు. మణికట్టు మోచేతి కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. అద్దంలో చూస్తే రెండు భుజాలూ దాదాపు ఒకే ఎత్తులో కనిపించాలి. దెబ్బతిన్న భుజం చెవి వైపు ఎగదోసినట్టుంటే పట్టీ మరీ బిగిసిందన్నమాట.

సరిగ్గా కుదిరిన చోట పట్టీ మీద పెన్నుతో గీత పెట్టుకోండి. కొత్త పట్టీ గంటా రెండు గంటల్లో కాస్త సాగుతుంది. స్నానం తర్వాత మళ్లీ కట్టినప్పుడు ప్రతిసారీ కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. గీత ఉంటే ఆ జారుడు కనిపెట్టవచ్చు. కట్టిన పదిహేను నిమిషాలకు వేళ్ల రంగు, వెచ్చదనం చూడండి.

ఎన్నాళ్లు వేసుకోవాలన్నదే ఎక్కువమంది తప్పుచేసే చోటు. ఒకటో టైపుకు కొద్ది రోజుల నుంచి వారం, రెండుకు ఒకటి రెండు వారాలు, మూడుకు రెండు మూడు వారాలు. నొప్పి తగ్గితే ముందే తీసేయవచ్చు. లిగమెంట్ అతుక్కుంటుందని నెలల తరబడి కట్టుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది, ఆ బిగుతు అసలు దెబ్బ కంటే ఎక్కువ కాలం వేధిస్తుంది. స్లింగ్ ఉన్న రోజుల్లో కూడా రోజుకు నాలుగైదు సార్లు చేతిని ఒళ్లో దిండు మీద పెట్టి మోచేతిని పదిసార్లు చాపి ముడవండి, మణికట్టు తిప్పండి, పిడికిలి బిగించి వదలండి. చంకలో చెమట చేరితే చర్మం ఒరుసుకుపోతుంది. నడుము దగ్గర ముందుకు వంగితే చేయి దానంతట అదే ఒంటి నుంచి ఎడంగా వస్తుంది, అప్పుడు తుడుచుకుని బాగా ఆరనివ్వాలి. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బతిన్న చేయి ముందు, విప్పేటప్పుడు చివర.

పడుకునేటప్పుడు మొదటి వారం వెనక్కి ఆనుకుని సగం కూర్చున్నట్టు ఉంటే నొప్పి తక్కువ. మోచేయి కింద దిండు పెట్టాలి. లేకపోతే మోచేయి పరుపు మీదికి వెనక్కి జారి కీలు తెరుచుకుంటుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తోందంటే ముందు ఆ దిండు ఉన్నచోటే ఉందేమో చూడండి.

మిగతా కట్లు

కాలర్ అండ్ కఫ్ మణికట్టును మాత్రమే పట్టుకుంటుంది, మోచేతిని గాల్లో వదిలేస్తుంది. జబ్బ ఎముక విరిగినప్పుడు చేయి బరువే విరిగిన ముక్కల్ని నిటారుగా లాగాలి కాబట్టి అక్కడ అది సరైన వస్తువు. ఏసీ జాయింట్‌కు ఆ లాగుడే శత్రువు. చూడటానికి తేలికగా, చల్లగా ఉంటుందని దీన్ని ఎంచుకోవద్దు.

ఇమ్మొబిలైజర్‌లో రెండు రకాలు. సంచితో పాటు నడుముకు పట్టీ ఉన్నది బాగుంటుంది, నిద్రలో చేయి అటూ ఇటూ కదలకుండా మొదటి వారం అక్కరకొస్తుంది. సంచి లేకుండా జబ్బకూ మణికట్టుకూ రెండు కఫ్‌లు మాత్రమే ఉండి నడుము పట్టీకి అతుక్కునేది చేతిని ఒంటికి కట్టేస్తుందే తప్ప పైకి ఎత్తదు. కొనేముందు మోచేయి ఎక్కడ కూర్చుంటుందో చూడండి. చంక కింద పెద్ద దిండు ఉండే అబ్డక్షన్ రకం ముఖ్యంగా రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి ఉండే కండరాల కొసలు) కుట్టినవాళ్ల కోసం. సర్జన్ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఈ దెబ్బకు అవసరం లేదు.

క్లావికల్ బ్రేస్ గురించి గట్టిగానే చెప్పాలి: వద్దు. కాలర్ బోన్ నడిమధ్య విరిగినప్పుడు భుజాలను వెనక్కి లాగడానికి తయారైన బెల్టు ఇది. ఆ విరుపుకే మామూలు స్లింగ్‌తో పోల్చి చూసినప్పుడు దీనితో ఇబ్బంది ఎక్కువని తేలింది. ఏసీ జాయింట్ విషయానికొస్తే దీని పట్టీలు భుజం పైన, సరిగ్గా నొప్పి ఉన్న ప్రాంతం మీదుగా పోతాయి. చంకలో నరాల్నీ సిరల్నీ నొక్కుతాయి, చేయి వాచి తిమ్మిరెక్కుతుంది. మోచేతిని మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా ఎత్తవు. గూని పోవడానికని అమ్మే పోశ్చర్ బెల్టులదీ ఇదే కథ.

కెన్నీ హోవర్డ్ బ్రేస్ దీనికి భిన్నం. ఒక పట్టీ కాలర్ బోన్ కొసను పై నుంచి నొక్కుతుంది, ఇంకోటి మోచేతిని కింది నుంచి ఎత్తుతుంది. ఆలోచనలో తప్పులేదు. అయితే బుడిపె అణిగి ఉండాలంటే దాన్ని ఆరు వారాలపాటు రాత్రింబవళ్లు బిగువు తగ్గకుండా ఉంచాలి. భుజం పైన ఎముకకూ చర్మానికీ మధ్య కండ ఉండదు. అంత నొక్కుడుకు చర్మం ఎర్రబడి పుండు పడుతుంది, మోచేయి దగ్గర నరం నొక్కుకుపోవచ్చు. నొప్పి పుట్టి వదులు చేస్తే ఎముక మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇది వాడుక నుంచి దాదాపు తప్పుకుంది. బుడిపెను అణచేస్తామని అమ్మే ఏ బెల్టుకైనా ఇదే సమస్య. మూడో టైపులో బుడిపె చాలావరకు ఉండిపోతుంది, అయినా చేయి బాగా పనిచేస్తుంది. ఈ మాట మొదటి రోజే తెలిస్తే అద్దం ముందు పడే ఆందోళన సగం తగ్గుతుంది.

నియోప్రీన్ సపోర్టు వెచ్చగా ఉంటుంది, భుజం జాగ్రత్త అని గుర్తుచేస్తూ ఉంటుంది. బరువు మోయదు. మొదటి మూడు వారాల్లో స్లింగ్‌కు బదులుగా దీన్ని వాడకూడదు.

ఐస్ ప్యాక్, టేపు

మొదటి రెండు మూడు రోజులు ఐస్ బాగా పనిచేస్తుంది. 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, మధ్యలో తప్పకుండా ఒక గుడ్డ పొర. కరుగుతున్న ఐస్ ముక్కలు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్ అంతకంటే చాలా చల్లగా ఉండొచ్చు, పైగా ఇక్కడ చర్మం ఎముకకు అంటుకుని ఉంటుంది, కాబట్టి చర్మం మాడే ప్రమాదం ఎక్కువ. జెల్ ప్యాకే కొంటే గడ్డకట్టాక కూడా మెత్తగా వంగేది, తేలికైనది తీసుకోండి. రాయిలా గట్టిపడే బరువైన ప్యాకు బుడిపె మీద పెడితే ఆ నొక్కుడే నొప్పి.

టేపు రెండు రకాలు. సాగే కినిసియాలజీ టేపు కొందరికి నొప్పి కాస్త తగ్గిస్తుంది, అంతకు మించి ఆశించవద్దు. సాగని తెల్ల జింక్ ఆక్సైడ్ టేపుకు పట్టు ఎక్కువ, ఆటకు తిరిగి వెళ్లేటప్పుడు భరోసా ఇస్తుంది. దాని కింద చర్మాన్ని కాపాడే మెత్తని అండర్‌ల్యాప్ టేపు లేకుండా వేయకండి. ముంజేతి మీద చిన్న ముక్క అంటించి ఒక రోజు ఆగి చూడటం మంచిది. దురద, ఎరుపు వస్తే ఆ టేపు మీకు సరిపడదు. ఏ టేపూ తెగిన లిగమెంట్ స్థానంలో నిలబడదు.

రబ్బరు బ్యాండ్లు: తర్వాతి మూడు నెలల పనిముట్టు

స్లింగ్ కంటే ఎక్కువ కాలం వాడేది ఇదే, దీనికే ఎక్కువమంది శ్రద్ధ పెట్టరు. లిగమెంట్లు చేసే పనిలో కొంత రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలు తీసుకోవాలి. ట్యూబు కంటే వెడల్పాటి చదును బ్యాండ్ మేలు, చేతికి చుట్టుకున్నా కోసుకోదు. రంగును బట్టి బలం చెప్పే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మూడు బలాలున్న సెట్ కొని అన్నిటికంటే తేలికైనదానితో మొదలుపెట్టండి. ఏదైనా వ్యాయామం 15 సార్లు, మూడు విడతలు, భుజం ఎగదోయకుండా చేయగలిగాకే తర్వాతి బలానికి వెళ్లాలి.

నొప్పి అదుపులోకి రాగానే, బ్యాండ్ ముట్టకముందే, రెక్క ఎముకల్ని వెనక్కీ కిందికీ మెల్లగా దగ్గర చేసి 5 సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు. తర్వాత మోచేయి ఒంటికి ఆనించి పిడికిలితో గోడను ముందుకు, బయటికి సుతారంగా నెట్టి పట్టడం. స్లింగ్ తీశాక బ్యాండ్‌తో రోయింగ్: బ్యాండ్‌ను తలుపు గొళ్లెం ఎత్తులో కట్టి, మోచేతులు నడుము పక్కకు వచ్చేదాకా లాగాలి, వీపు దాటి వెనక్కి పోనివ్వకూడదు. తర్వాత చంక కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని చేతిని బయటికి తిప్పడం. తువ్వాలు కింద పడిందంటే మోచేయి ఒంటి నుంచి జారిందని అర్థం. బ్యాండ్ పగుళ్లు రోజూ చూసుకోండి, లాగుతుండగా తెగితే ముఖానికి కొడుతుంది.

తలుపు పైన తగిలించే కప్పీ తాడు మొదటి రెండు వారాల్లో వద్దు. చేయి భుజం ఎత్తు దాటాక ఏసీ జాయింట్ మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. మొదట భుజం ఎత్తు వరకే, నొప్పి లేకపోతే వారం వారం కొంచెం పైకి. దీంతో వచ్చే చెడ్డ అలవాటు చేతితో పాటు భుజాన్ని చెవి దాకా ఎత్తడం. అద్దం ఎదురుగా చేస్తే అది తెలిసిపోతుంది.

చివరిదాకా వాయిదా వేయాల్సినవి చేతిని ఛాతీ మీదుగా ఎదుటి భుజం వైపు లాగే స్ట్రెచ్, డిప్స్ (రెండు కడ్డీల మధ్య చేతుల మీద ఒంటిని దించి లేపడం), బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టడం). మూడూ కీలును నలిపేవే. బెంచ్ ప్రెస్‌కు తిరిగి వెళ్లేటప్పుడు నేల మీద పడుకుని చేస్తే మోచేతులు ఒంటి వెనక్కి దిగకుండా నేలే ఆపుతుంది. పట్టు మరీ వెడల్పు వద్దు. మామూలు పనులకు ఒకటో టైపువాళ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో, రెండో టైపువాళ్లు నాలుగు నుంచి ఆరు, మూడో టైపువాళ్లు ఆరు నుంచి పన్నెండు వారాల్లో చేరుకుంటారు. బరువులకూ, మీద పడి గుద్దుకునే ఆటలకూ వారాల లెక్క చాలదు. కీలు మీద వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు, కదలిక రెండు వైపులా సమానంగా ఉండాలి, బలం దాదాపు బాగున్న చేతికి సాటి రావాలి.

ఇవన్నీ కొని వాడేబదులు ఆపరేషన్ చేయించుకుంటే త్వరగా తేలుతుందేమో అనుకునేవాళ్లకు ఒక సంగతి. కెనడాలో పలు ఆసుపత్రులు కలిసి 83 మంది మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, హుక్ ప్లేట్ (కాలర్ బోన్‌ను అణచి పట్టే కొక్కెం ఉన్న లోహపు పలక) వేయించుకున్నవాళ్ల కంటే స్లింగ్‌తో మానినవాళ్లే మొదటి నెలల్లో చేతిని మెరుగ్గా వాడగలిగారు. రెండేళ్ల తర్వాత చేయి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్స్‌రేలో ఎముక అమరిక ఆపరేషన్ అయినవాళ్లకే బాగుంది. హుక్ ప్లేట్‌ను సాధారణంగా కొన్ని నెలలకు ఇంకో ఆపరేషన్‌తో తీసేయాల్సి వస్తుంది. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేశాక కూడా బరువు ఎత్తలేకపోతే, చేయి పైకి చాపి పనిచేయడం కష్టమైతే, అప్పుడు సర్జన్‌ను మళ్లీ కలవడం సబబు.

అంతవరకు ఆగకూడని లక్షణాలూ ఉన్నాయి. వేళ్లు మొద్దుబారడం, పిడికిలి పట్టు సడలడం, చేయి చల్లబడి పాలిపోవడం, ఊపిరి తీస్తే నొప్పి లేదా ఆయాసం, ఎముక కొస చర్మాన్ని లోపలి నుంచి పొడుచుకొస్తున్నట్టు బిగుతుగా తెల్లబడటం. ఇంకోటి తేలికగా తప్పించుకుపోతుంది: ముందు నుంచి చూస్తే బుడిపె పెద్దగా కనబడదు కానీ నొప్పి విపరీతం, భుజం వెనక వైపు ఎముక తగులుతుంది. అది నాలుగో టైపు కావచ్చు, ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో దొరకకపోవచ్చు. చంక వైపు నుంచి తీసే యాక్సిలరీ వ్యూ కూడా తీశారా అని అడగండి.